స్పీకర్ మూగబోయింది, కెమెరా కనిపించడం లేదు: మదర్‌బోర్డ్ మార్చాలా?

ప్రశ్న: నా లాప్‌టాప్ కొని రెండేళ్ళయింది. విండోస్ బాగా నెమ్మదించిందని మా తమ్ముడు తన దగ్గరున్న పాత పెన్‌డ్రైవ్‌తో దాని పక్కనే లినక్స్ మింట్ 20 అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాడు. మొదటి రోజు నుంచే అందులో సౌండ్ లేదు. సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఒక్కటే కనిపిస్తుంది. వారం తర్వాత కెమెరా కూడా ఆగిపోయింది. ఏ యాప్ తెరిచినా కెమెరా దొరకలేదనే అంటోంది. ఇంటర్నెట్‌లో చూసి ఓ పదిహేను కమాండ్లు కొట్టాను, ఏమీ మారలేదు. విండోస్‌లోకి వెళ్తే పాటలు బాగానే వినిపిస్తున్నాయి, కెమెరా మాత్రం అక్కడ కూడా రావడం లేదు. రిపేరు చేసే అతనికి చూపిస్తే మదర్‌బోర్డ్ పోయిందన్నాడు. వచ్చే వారం నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. లినక్స్ తీసేయాలా, మదర్‌బోర్డ్ మార్చాలా?

జవాబు: ముందుగా మదర్‌బోర్డ్ సంగతి. దాన్ని మార్చకండి. మీకు కావలసిన జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. విండోస్‌లో పాటలు వినిపిస్తున్నాయని మీరే రాశారు. అంటే స్పీకర్లు, సౌండ్ చిప్, వాటి మధ్య ఉన్న వైర్లు అన్నీ బాగానే ఉన్నాయి. లోపం లినక్స్ వైపు ఉంది. కెమెరా విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది రెండు సిస్టమ్‌లలోనూ రావడం లేదు, పైగా మొదటి వారం లినక్స్‌లోనే పనిచేసింది. కాబట్టి లినక్స్‌ను తప్పుపట్టడానికి లేదు. మీకు వచ్చినవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఇబ్బందులు. వారం తేడాలో రావడం వల్ల రెంటికీ మూలం ఒకటేనని మీకూ, ఆ రిపేరు అతనికీ అనిపించింది. విడదీసి చూస్తే రెండూ చిన్నవే.

వాటిలోకి వెళ్ళేముందు ఇంటర్వ్యూ గురించి ఆలోచిద్దాం. వారం రోజుల్లో అన్నీ సరిచేసుకోవాలన్న ఒత్తిడితో కూర్చుంటే చేతులు తొందరపడతాయి, తొందరలో కొట్టిన కమాండ్ కొత్త తలనొప్పి తెస్తుంది. యూఎస్‌బీతో కలిపే మైక్ ఉన్న హెడ్‌సెట్ ఒకటి, యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఈ రెండింటికీ ప్రపంచమంతా పాటించే ఉమ్మడి ప్రమాణాలున్నాయి, వాటిని నడిపే చిన్న ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే ఉంటాయి. వెబ్‌క్యామ్‌ల డ్రైవర్ అయితే 2008 నుంచే ఉంది. సాధారణంగా గుచ్చగానే పనిచేస్తాయి. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో దాని సొంత సౌండ్ చిప్ ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ లోపలి చిప్ మూగగా ఉన్నా దానికి అడ్డు లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం ఇంటర్వ్యూకి వద్దు. పాటలు వింటున్నప్పుడు అది ఒక పద్ధతిలో, మైక్ వాడుతున్నప్పుడు మరో పద్ధతిలో నడుస్తుంది. ఆ రెండో పద్ధతిలో గొంతు పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లోంచి వచ్చినట్టు ఉండొచ్చు.

ఇప్పుడు సౌండ్. లినక్స్‌లో శబ్దం మెట్లు దిగినట్టు వస్తుంది. పై మెట్టు మీద మీరు వాడే యాప్. దాని కింద అన్ని యాప్‌ల శబ్దాన్నీ కలిపి ఎటు పంపాలో చూసే సౌండ్ సర్వర్. మీ మింట్ 20లో దాని పేరు పల్స్ఆడియో, మింట్ 22 నుంచి పైప్‌వైర్. ఇంకా కింద కెర్నెల్‌లోని ఆల్సా అనే సౌండ్ డ్రైవర్లు, అన్నిటికన్నా కింద చిప్. డమ్మీ అవుట్‌పుట్ అనేది ఏ పరికరమూ కాదు. కింద నిజమైన సౌండ్ కార్డు ఒక్కటీ దొరకనప్పుడు, యాప్‌లు ఆగిపోకుండా సౌండ్ సర్వర్ తానే నిలబెట్టే ఉత్తుత్తి పరికరం అది. దానిలోకి పోయిన శబ్దం ఎక్కడికీ చేరదు. కాబట్టి ఆ పేరు కనిపించినప్పుడు వాల్యూమ్ పెంచడం, యాప్ మార్చడం, సౌండ్ సర్వర్‌ను తీసేసి మళ్ళీ పెట్టడం అన్నీ పై మెట్ల మీద చేసే శ్రమే. చూడాల్సింది కింద, కెర్నెల్‌కి చిప్ తెలిసిందా లేదా అన్నది. మీరు కొట్టిన పదిహేను కమాండ్లు పనిచేయకపోవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది.

తెలిసిందో లేదో చెప్పే కమాండ్ ఒకటుంది. కమాండ్లు టైప్ చేసే కిటికీ అయిన టెర్మినల్ తెరిచి, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ‘ఏప్లే’ అని ఏ, పీ, ఎల్, ఏ, వై అక్షరాలతో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, చిన్న అడ్డగీత, దాన్ని ఆనుకుని ఎల్ అక్షరం కొట్టండి. కెర్నెల్ గుర్తుపట్టిన సౌండ్ కార్డుల జాబితా వస్తుంది. ఈ కమాండ్ చూపించడమే తప్ప దేన్నీ మార్చదు, కాబట్టి భయం లేకుండా ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. మీకు సౌండ్ కార్డులు దొరకలేదన్న అర్థం వచ్చే ఒక్క వాక్యమే వస్తుందని నా అంచనా.

ఎందుకంటే మీ తమ్ముడి పెన్‌డ్రైవ్ పాతది. మింట్ 20 విడుదలైంది 2020 జూన్‌లో. దాని కెర్నెల్ 5.4 అంతకన్నా ముందుది, 2019 నవంబరులో వచ్చింది. మీ లాప్‌టాప్ అంతకన్నా చాలా తర్వాతిది. లినక్స్‌లో డ్రైవర్లు విడిగా సీడీలో రావు, కెర్నెల్‌తో పాటే వస్తాయి. చిప్ తయారయ్యే నాటికి ఆ కెర్నెల్ రాయడం అయిపోయింది కాబట్టి దానికి ఈ చిప్ ఊరూ పేరూ తెలియదు. మీ తమ్ముడు చేసిన తప్పేమీ లేదు, అక్కకి సాయం చేద్దామని చేతిలో ఉన్నది వాడాడు. కొత్త లాప్‌టాప్ మీద పాత లినక్స్ పెట్టి సౌండ్ రాలేదని బాధపడేవాళ్ళు ఎంతోమంది.

సౌండ్ దగ్గరే ఇలా ఎందుకవుతుందో కొంచెం చెప్పాలి. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతి చాలా ఏళ్ళు లాప్‌టాప్‌లలో నడిచింది, లినక్స్‌కి అది కొట్టిన పిండి. తర్వాత లాప్‌టాప్‌లు సన్నబడ్డాయి, మైక్‌లు డిజిటల్ అయ్యాయి. ఆ మైక్‌లను నేరుగా పాత చిప్‌కి కాకుండా, ప్రాసెసర్ వైపు ఉండే డీఎస్‌పీ అనే చిన్న శబ్ద ప్రాసెసర్‌కి కలపడం మొదలైంది. ఆ డీఎస్‌పీ మేలుకోవాలంటే దానిలోకి ప్రతిసారీ ఒక ఫర్మ్‌వేర్ ఫైల్, అంటే ఆ చిప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్, ఎక్కించాలి. ఇంటెల్ లాప్‌టాప్‌లలో లినక్స్ వాడే ఆ ఫర్మ్‌వేర్ పేరు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, పొట్టిగా ఎస్‌ఓఎఫ్. ఆ ఫైల్ డిస్కులో లేకపోయినా, కెర్నెల్ పాతదై దాన్ని అడగడం తెలియకపోయినా సౌండ్ కార్డు మొత్తం మాయమవుతుంది. ఏఎండీ చిప్ ఉన్న లాప్‌టాప్‌లో పేర్లు వేరు కానీ, కొత్త చిప్‌కి కొత్త కెర్నెల్ కావాలన్నది అక్కడా అంతే.

మీరు చేయవలసిన అసలు పరీక్ష ఇది. మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, లినక్స్ మింట్ 22 వరుసలో తాజాగా వచ్చినది ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. లాప్‌టాప్‌ను దాని నుంచి ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వస్తుంది, మీ డిస్కులో ఒక్క అక్షరం మారదు. అక్కడ సౌండ్ సెట్టింగ్స్ తెరిచి స్పీకర్ల పేరు కనిపిస్తోందా, టెస్ట్ సౌండ్ వినిపిస్తోందా చూడండి. మైక్ కూడా అక్కడే చూడండి, మాట్లాడుతుంటే గీత కదలాలి. లినక్స్‌లో హార్డ్‌వేర్ గురించి ఎవరు ఏ సందేహం అడిగినా నేను మొదట చెప్పేది ఈ పరీక్షే. పావుగంటలో తేలిపోయే విషయానికి జనం వారాలు పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అక్కడ సౌండ్ వస్తే పాత మింట్ స్థానంలో కొత్తది పెట్టేయండి. మింట్ 20కి భద్రతా సవరణలు 2025తోనే ఆగిపోయాయి, కాబట్టి ఎలాగూ మార్చాల్సిందే. మెట్టు మెట్టుగా 21కి, అక్కణ్ణుంచి 22కి ఎక్కే దారి ఉన్నా మీకు దాన్ని సూచించను. మీరు కొట్టిన పదిహేను కమాండ్లు ఏ ఫైళ్ళలో ఏం రాశాయో తెలియదు, ఆ మిగులు కొత్తదానిలోకి కూడా వస్తుంది. మీ ఫైళ్ళన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, డిస్కులో పాత మింట్ ఉన్న భాగంలోనే (పార్టిషన్ అంటారు) కొత్తది పెట్టండి. డిస్క్ మొత్తం చెరిపేస్తానని ఇన్‌స్టాలర్ అడిగే చోట ఒప్పుకోవద్దు, విండోస్ కూడా పోతుంది. ఈ పని ఇంటర్వ్యూ అయ్యాకే చేయండి.

ఆ కమాండ్ల గురించి ఒక మాట. టెర్మినల్‌లో ‘హిస్టరీ’ అని ఇంగ్లిష్‌లో కొడితే మీరు ఇదివరకు టైప్ చేసినవన్నీ వరుసగా వస్తాయి. వాటిలో డీఎస్‌పీ డ్రైవర్ విలువను 1గా పెట్టే వరుస ఉందేమో చూడండి, సౌండ్ రాని ప్రతివాళ్ళకీ ఎవరో ఒకరు ఇచ్చే సలహా అది. అది డీఎస్‌పీని పక్కన పెట్టి పాత హెచ్‌డీ ఆడియో దారిలో వెళ్ళమని కెర్నెల్‌కి చెబుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో దానితో స్పీకర్లు పలుకుతాయి, సలహా ఇచ్చినవాళ్ళకి దండం పెట్టి అందరూ సంతోషిస్తారు. కానీ డిజిటల్ మైక్ ఉన్నది డీఎస్‌పీ వైపు కదా, అది ఆ క్షణం నుంచి కనిపించదు. నెల తర్వాత ఏదో మీటింగ్‌లో తన మాట ఎవరికీ వినబడటం లేదని తెలిసినప్పుడు, ఆ పాత కమాండ్ ఎవరికీ గుర్తుండదు. సౌండ్ సర్వర్‌ను పూర్తిగా తీసేయమనే సలహా ఇంకా ప్రమాదం. దాన్ని ఆనుకుని ఉన్న డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా దానితో పాటే పోవచ్చు. ఒక కమాండ్ ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేని మనిషి ఇచ్చిన కమాండ్‌ను మీ లాప్‌టాప్‌లో కొట్టకండి.

కొత్త మింట్‌లోనూ డమ్మీ అవుట్‌పుటే వస్తే ఇంకొకటి చేయండి. లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, ఒక నిమిషం ఆగి, విండోస్‌లోకి వెళ్ళకుండా నేరుగా లినక్స్‌లోకి రండి. విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి వస్తే కొన్ని సౌండ్ చిప్‌లు విండోస్ వదిలిన స్థితిలోనే ఉండిపోతాయి, లినక్స్ పలకరిస్తే పలకవు. నా పాత లాప్‌టాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఒకరోజు సౌండ్ ఉండేది, మర్నాడు ఉండేది కాదు. రెండు రాత్రులు సెట్టింగులన్నీ వెతికాక, సౌండ్ లేని రోజులన్నీ విండోస్ నుంచి వచ్చిన రోజులేనని గమనించాను.

దానికీ లొంగకపోతే కెర్నెల్ ఏమంటోందో వినాలి. ఎస్, యూ, డీ, ఓ అక్షరాలతో సుడో అని కొట్టి, ఖాళీ వదిలి, డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే అయిదు అక్షరాలు కలిపి కొడితే కెర్నెల్ తన డైరీ మొత్తం చూపిస్తుంది. చాలా పొడవుంటుంది, భయపడకండి. అందులో ఆడియో అనో ఎస్‌ఓఎఫ్ అనో ఉన్న వరుసలు వెతికి, చివర్లో మైనస్‌తో ఉన్న అంకె చూడండి. ఆ అంకెలకి స్థిరమైన అర్థాలున్నాయి. మైనస్ 2 అంటే అడిగిన ఫైల్ దొరకలేదు, ఫర్మ్‌వేర్ వరుసలో అది ఉంటే ఆ ప్యాకేజీ పెట్టాలి. మైనస్ 16 అంటే పరికరాన్ని వేరొకరు వాడుతున్నారు. మైనస్ 110 అంటే పిలిచినా గడువులోపు బదులు రాలేదు. మైనస్ 71 అనేది కెమెరా దగ్గర పనికొస్తుంది, అక్కడ చెబుతాను.

ఒకవేళ ఏప్లే జాబితాలో కార్డు ఉండి కూడా శబ్దం లేకపోతే అది వేరే కథ, చాలా తేలిక. సౌండ్ టీవీ, మానిటర్ కలిపే హెచ్‌డీఎంఐ వైపు వెళ్తోందేమో సెట్టింగ్స్‌లో చూడండి. తర్వాత టెర్మినల్‌లో ‘ఆల్సామిక్సర్’ (alsamixer) అని ఇంగ్లిష్‌లో కొట్టి దాన్ని తెరిచి, ఎఫ్6తో సరైన కార్డు ఎంచుకోండి. గడుల కింద రెండు ఎం అక్షరాలు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఎం నొక్కితే మ్యూట్ పోతుంది. హెడ్‌ఫోన్ తీసేశాక కూడా స్పీకర్లు పలక్కపోతే అక్కడే ఉండే ఆటో మ్యూట్‌ను ఆపి చూడండి.

ఇక కెమెరా. లాప్‌టాప్ మూతలోని కెమెరా చాలావాటిలో లోపల యూఎస్‌బీ వైరుతోనే కలిపి ఉంటుంది. మీది పాత కెర్నెల్‌తోనే ఒక వారం పనిచేసింది కాబట్టి అదే రకం. ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అని అయిదు అక్షరాలు కలిపి కొడితే యూఎస్‌బీ పరికరాలన్నీ వరుసగా వస్తాయి. అందులో కెమెరా అనో వెబ్‌క్యామ్ అనో ఉందేమో చూడండి. ఉంటే యాప్‌ల వైపు వెతకాలి. లేకపోతే డ్రైవర్ల గురించి ఆలోచించడం కూడా దండగ, యంత్రానికే కెమెరా అందడం లేదు. మీకు రెండు సిస్టమ్‌లలోనూ ‘దొరకలేదు’ అంటోంది కాబట్టి జాబితాలో ఉండదనే అనుకుంటున్నాను.

అలా పూర్తిగా మాయమవడానికి మొదటి అనుమానం ఒక చిన్న మీట మీద. ఇప్పటి లాప్‌టాప్‌లలో గోప్యత కోసం కెమెరాను ఆపే ఏర్పాట్లు రెండు రకాలు. ఒకటి కెమెరా మీదికి జరిపే చిన్న తలుపు. అది మూసి ఉంటే కెమెరా దొరుకుతుంది, బొమ్మ మాత్రం నల్లగా వస్తుంది. రెండోది పై వరుసలో కెమెరా బొమ్మ ఉన్న కీ, లేదా అంచున ఉండే స్విచ్. ఇది చాలా మోడళ్ళలో కెమెరాను యూఎస్‌బీ నుంచే విడదీస్తుంది. అప్పుడు ఏ సిస్టమ్‌కీ కెమెరా ఉన్నట్టే తెలియదు. మీ లక్షణం అచ్చంగా ఇదే. కొత్త సిస్టమ్‌లో వాల్యూమ్ కీలు తడుముకుంటూ పొరపాటున పక్కనున్నది నొక్కడం ఎవరికైనా జరుగుతుంది, పైగా సౌండ్ కోసం మీరు ఆ కీలన్నీ నొక్కే ఉంటారు. ఒకసారి ఎఫ్‌ఎన్ కీతో కలిపి, ఒకసారి విడిగా నొక్కి, ప్రతిసారీ ఆ జాబితా మళ్ళీ చూడండి.

దానితో రాకపోతే లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు బయాస్‌లోకి (సిస్టమ్ మొదలవకముందే వచ్చే యంత్రం సెట్టింగుల్లోకి) వెళ్ళి కెమెరా ఆఫ్‌లో ఉందేమో చూడండి. తర్వాత షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను ఓ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఒక్కోసారి బిగుసుకుపోయిన కెమెరా దీనితో మళ్ళీ లేస్తుంది.

ఇవేవీ కాకపోతే వైరు. కెమెరా మూతలో ఉంటుంది, మదర్‌బోర్డ్ కింద ఉంటుంది, ఆ రెండింటినీ కలిపే సన్నని వైరు మూత తిరిగే కీలు (హింజ్) మడతలోంచి వెళ్తుంది. మూత తెరిచి మూసిన ప్రతిసారీ అది వంగుతుంది. పరీక్ష తేలిక. మూతను మెల్లగా వేర్వేరు కోణాల్లో ఆపి, ఒక్కో కోణంలో యూఎస్‌బీ జాబితా చూడండి. ఒక కోణంలో కెమెరా వచ్చి ఇంకో కోణంలో పోతే ఇక అనుమానం లేదు. కెర్నెల్ డైరీలో యూఎస్‌బీ వరుసల్లో మైనస్ 71 పదేపదే కనిపించినా వైరు వైపే చూడాలి, మాట మొదలై మధ్యలో చెదిరిపోతోందని దాని అర్థం. అప్పుడు రిపేరుకి ఇవ్వండి. మదర్‌బోర్డ్ అనకుండా, కెమెరా కేబుల్ రెండు చివర్లా తీసి మళ్ళీ బిగించి చూడమని అడగండి. వదులైతే అంతటితో అయిపోతుంది, తెగితే ఆ కేబుల్ మార్చాలి, లేదా కెమెరా ముక్క మార్చాలి.

ఇదే ఇబ్బంది వేరేగా ఉన్న పాఠకుల కోసం రెండు సంగతులు. కెమెరా జాబితాలో ఉండి నల్లగా వస్తే తలుపు చూశాక, దాన్ని ఇంకో యాప్ పట్టుకుని ఉందేమో చూడండి. మామూలుగా ఒకసారి ఒక్క యాప్‌కే అది బొమ్మ ఇస్తుంది. ముఖం చూసి తెరుచుకునే లాప్‌టాప్‌లలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఒకటి అదనంగా ఉంటుంది, యాప్ పొరపాటున దాన్ని ఎంచుకోవచ్చు. ఇక కొన్ని కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ మీద ఉండదు, ప్రాసెసర్‌లోని ఐపీయూ6 అనే భాగానికి నేరుగా కలిపి ఉంటుంది. అది ఇచ్చేది పచ్చి సమాచారం, దాన్ని బొమ్మగా మార్చే పని కూడా సిస్టమే చేసుకోవాలి. దానికి కావలసిన డ్రైవర్ ప్రధాన కెర్నెల్‌లోకి 2024లో, 6.10తో వచ్చింది. పైన లిబ్‌కెమెరా అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి, కెర్నెల్ ఒక్కటే చాలదు. మీరు కొనబోయే లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టాలనుకుంటే ఈ ఒక్క సంగతీ ముందే కనుక్కోండి.

మీ విషయానికి వస్తే, ఈ రాత్రికి కెమెరా కీ నొక్కి చూడండి, రేపు మీ తమ్ముడు వచ్చాక పెన్‌డ్రైవ్ పరీక్ష చేయండి. ఇంటర్వ్యూ మాత్రం విండోస్‌లోనే ఇవ్వండి, అక్కడ సౌండ్ వస్తోంది కదా. ముందురోజు సాయంత్రం అదే హెడ్‌సెట్, అదే వెబ్‌క్యామ్, అదే కుర్చీలో కూర్చుని మీ తమ్ముడికి పది నిమిషాలు కాల్ చేయండి. మీ గొంతు ఎలా వినిపిస్తోందో, ముఖం మీద వెలుతురు సరిపోతోందో అతనే చెబుతాడు. పెన్‌డ్రైవ్ పరీక్షలో సౌండ్ రాకపోతే లాప్‌టాప్ మోడల్ పేరు, ఏప్లే ఇచ్చిన జవాబు, కెర్నెల్ డైరీలో మైనస్ అంకెలున్న వరుసలు రాసి పంపండి, అక్కడి నుంచి కలిసి చూద్దాం.